ఆరవ అర ఖాళీగా ఉండాలి

2019 డిసెంబర్ రెండవ వారంలో ఆయుధాల చట్టసవరణ బిల్లు పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు వాదోపవాదాలు ప్రధానంగా ఒక అంకె చుట్టూ తిరిగాయి. 1959 నాటి చట్టం ప్రకారం ఒక లైసెన్సుదారునికి మూడు తుపాకుల వరకు ఉండవచ్చు. ఒకటి చాలునని ప్రభుత్వం మొదట ప్రతిపాదించింది. తాత ముత్తాతల ఆయుధాలు ఏం కావాలి, దూరపు పల్లెలో పొలం కాపాడుకునే రైతు సంగతేమిటి అన్న అభ్యంతరాలు బయలుదేరాయి. చివరకు ఉభయ పక్షాలకూ నచ్చజెప్పే అంకెగా రెండు ఖాయమైంది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పెళ్లిళ్లలో, ఊరేగింపులలో సరదా కోసం నిర్లక్ష్యంగా కాల్చేవారికి రెండేళ్ల వరకు జైలో, లక్ష రూపాయల వరకు జరిమానానో, లేక రెండూనో పడతాయని శాసనంలో చేరింది.

ఇవన్నీ అవసరమైన మార్పులే. కాని, ఆ ఒకటో రెండో తుపాకులు ఇంటిలో ఏ స్థితిలో ఉంటున్నాయి, వాటిని పట్టుకున్నవారికి ఎంతవరకు తెలుసు అన్న ప్రశ్న మాత్రం ఆ సందడిలో ప్రముఖంగా వినిపించలేదు. మన దేశంలో తుపాకిని గురించిన చర్చ ఎప్పుడూ "ఎవరికి ఇవ్వాలి?" అన్న దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. ఇచ్చిన తర్వాత ఏమిటన్నది ఎవరి శాఖకూ చెందని విషయంగా మిగిలిపోతున్నది.

2024 అక్టోబర్ 1 తెల్లవారుజామున బొంబాయిలో హిందీ చిత్రనటుడు గోవిందాకు జరిగిన ప్రమాదం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కలకత్తా ప్రయాణానికి సిద్ధమవుతూ, లైసెన్సు ఉన్న తన రివాల్వరును బీరువాలో పెట్టబోయారు. అది చేయిజారి కింద పడి పేలింది. తూటా ఆయన కాలిలో దిగింది. అదృష్టవశాత్తు ప్రాణానికి ముప్పు తప్పి, నాలుగు రోజులలో ఇల్లు చేరారు. రెండు రోజులు పత్రికలు ఆయన ఆరోగ్య వార్తలు ప్రచురించాయి. మూడవ రోజు అందరూ మరచిపోయారు. ఎవరి మీదా కోపం లేదు, ఎవరినీ కాల్చాలన్న తలపు లేదు, మీట మీద వేలు కూడా లేదు. అయినప్పటికీ రివాల్వరు పేలింది. కింద పడినంత మాత్రాన ఆయుధం పేలుతుందా అని ఆ రోజులలో ఈ వ్యాసకర్తను అడిగిన మిత్రులు పలువురు. పేలవచ్చు. ఎందుకు పేలుతుందో, పేలకుండా ఏం చేయాలో తెలిసి నూటయాభై ఏళ్లు కావస్తున్నది. ఆ తెలివిడి మన బీరువాల దాకా రాలేదన్నదే విచారం.

రివాల్వరులో ఆరు అరలు గల ఒక చక్రం ఉంటుంది. ఒక్కొక్క అరలో ఒక తూటా. గొట్టానికి ఎదురుగా వచ్చిన అరలోని తూటా అడుగున, సరిగ్గా మధ్యన, సున్నితమైన మందు బిళ్ల ఉంటుంది. వెనుక నుంచి ఒక చిన్న సుత్తి వచ్చి ఆ బిళ్లను కొడితే తూటా పేలుతుంది. ఆ సుత్తిని తెలుగులో పూర్వం తుపాకి గుర్రం అనేవారు. ఇక్కడ హిందీ వాళ్ల నోట కూడా తుపాకికి "ఘోడా" ఉన్నది. గుర్రం పేరు ఎందుకు వచ్చిందో గాని, కళ్లెం లేకపోతే ఏమవుతుందో మాత్రం ఆ పేరులోనే ఉన్నది.

1873లో అమెరికాలో కోల్ట్ కంపెనీ సైన్యం కోసం తయారు చేసిన ప్రసిద్ధ రివాల్వరులో ఈ గుర్రం ముక్కుకే సూది బిగించి ఉంటుంది. గుర్రాన్ని కిందికి దించి ఉంచితే ఆ సూది తూటా మందుబిళ్లను ఆనుకొనే నిలుస్తుంది. ఆ స్థితిలో రివాల్వరు గుర్రం వైపుగా నేల మీద పడినా, జీను కొక్కెం తగిలి గుర్రం మీద దెబ్బ పడినా చాలు. ఆ దెబ్బ సూది మీదుగా తూటాకు చేరుతుంది. గుర్రాన్ని కొద్దిగా వెనక్కి లాగితే మొదటి "టిక్" దగ్గర నిలిపే ఒక గాడి ఉన్నది. దానిని భద్రతా గాడి అన్నారు. పేరు గొప్పదే గాని గట్టి దెబ్బ తగిలితే ఆ సన్నని ఉక్కు పన్ను విరిగిపోతుంది. అందుచేత దానిని నమ్ముకున్నవారు కొందరు కాళ్లు పోగొట్టుకున్నారు. నమ్మనివారు ఒక ఆచారం పాటించారు: ఆరు అరల రివాల్వరులో అయిదు తూటాలే. ఆరవ అర ఖాళీ. గుర్రం ఆ ఖాళీ అర మీదనే నిలవాలి.

ఆ ఆచారానికి ఒక లెక్క కూడా ఉన్నది. గొట్టం సురక్షితమైన దిక్కుకు పెట్టి, గుర్రాన్ని సగం లాగితే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. పక్క తలుపు తెరిచి ఒక అరలో తూటా వేయాలి, తర్వాతి అర వదిలివేయాలి, ఆ పైన నాలుగు అరలు వరుసగా నింపాలి. తలుపు మూసి, గుర్రాన్ని పూర్తిగా లాగి, బొటనవేలితో అదుపు చేస్తూ మెల్లగా దించితే అది ఖాళీ అర మీదకే చేరుతుంది. అంతటితో నమ్మివేయక, పక్క నుంచి చక్రం వెనుక సందులోకి చూసి, గుర్రం ఎదుట తూటా అంచు లేదని రూఢి చేసుకోవాలి. బొటనవేలు జారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది గనుక గొట్టం దిక్కు ఈ పని ఆసాంతం మారకూడదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ఖాళీ అర, కింద పడినప్పటి దెబ్బకు మాత్రమే కవచం. మీట నొక్కినా, గుర్రాన్ని లాగినా చక్రం ఒక అర తిరుగుతుంది. నిండిన అర ముందుకు వస్తుంది. "మొదటిది ఖాళీయే కదా" అని పిల్లల ముందు మీట నొక్కి చూపించే పెద్దమనుషుల కంటే ప్రమాదకరమైన వారు లేరు.

కోల్ట్ కంటే ముందుతరం రివాల్వర్లలో మందు, గుండు విడివిడిగా దట్టించి వెనుక రాగి టోపీ తొడిగేవారు. వాటిలో అరకూ అరకూ మధ్య చిన్న మేకో గాడో ఉండేది; గుర్రాన్ని అక్కడ నిలిపితే ఆరూ నింపుకోవచ్చునని వాటి వారి ధీమా. మేకులు అరిగిపోయిన తర్వాత ఆ ధీమా కూడా అరిగిపోయింది. గుండ్ల మీద కొవ్వు పూయకపోతే ఒక అర పేలి నిప్పు పక్క అరలకు అంటుకునే ప్రమాదం వేరే ఉండేది. అయితే అవి నేడు మన దేశంలో చాలామటుకు ప్రదర్శనశాలల వస్తువులు. మన ఇళ్లలో ఉన్నవి వాటి మనుమలు.

మన ఇళ్లలోని పాత రివాల్వర్లు బహుశా ఎక్కువ భాగం ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరం నుంచి వచ్చిన వెబ్లీలు, వాటి నమూనాలో పుట్టినవి. 1887లో బ్రిటిష్ సేనలు వెబ్లీని స్వీకరించాయి. గొళ్లెం నొక్కితే గొట్టం ముందుకు వంగి, చక్రం వెనుక భాగం తెరుచుకునే రకం ఇది. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా కాన్పూరులోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ పౌరుల కోసం .32 రివాల్వరును ఆ వెబ్లీ నాలుగవ మార్కు పోలికలోనే తయారు చేసింది. 2014లో మహిళల ఆత్మరక్షణ పేరిట కాన్పూరు నుంచే వచ్చిన తేలికపాటి "నిర్భీక్" కూడా ఈ కుటుంబానిదే. చక్రం పక్కకు తెరుచుకునే నమూనాలో "ప్రబల్" అనే రివాల్వరు మన ప్రభుత్వ కర్మాగారం నుంచి వచ్చినది 2023లో. అంటే రూపంలో పురాతనమైన ఆయుధం మన దేశంలో మ్యూజియం విషయం కాదు, వర్తమాన విషయం.

వెబ్లీ తరహా రివాల్వర్లలో గుర్రం తూటాను కొట్టిన తర్వాత కొంచెం వెనక్కి తగ్గి నిలిచే ఏర్పాటు ఉన్నది. అది మంచిదే. కాని ఆ మంచితనమంతా ఒక చిన్న ఉక్కు ముక్క మీద, ఒక స్ప్రింగు మీద ఆధారపడి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండు ఎన్‌ఫీల్డు కర్మాగారపు రివాల్వరులో, తయారీ త్వరగా సాగాలని, 1942లో ఆ నిరోధక ముక్కనే తీసివేశారు. ఆ రివాల్వరు కింద పడితే పేలగలదని తెలుసు. యుద్ధం ముగిశాక వాటిని వెనక్కి రప్పించి ముక్కను మళ్లీ అమర్చవలసి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో, 1944లో, అమెరికా యుద్ధనౌక ఒకదాని మీద స్మిత్ అండ్ వెసన్ రివాల్వరు ఉక్కు డెక్కు మీద పడి పేలి ఒక నావికుడు మరణించాడు. ఆ కంపెనీ హుటాహుటిన గుర్రానికి, తూటాకు నడుమ అడ్డుపడే కొత్త కడ్డీని రూపొందించింది. దాని పాత నమూనాలో కూడా ఒక అడ్డు ఉన్నది. చిక్కటి నూనె పేరుకుపోయి అది కదలలేదు. ఈ సంగతి మన పాత రివాల్వర్ల యజమానులు రెండుసార్లు చదవాలి. ఏళ్ల తరబడి శుభ్రం చేయని ఆయుధంలో భద్రతా ఏర్పాటు ఉన్నదా లేదా అన్నది ప్రశ్న కాదు. అది కదులుతున్నదా అన్నదే ప్రశ్న.

రూగర్ అనే అమెరికా కంపెనీ 1950ల నుంచి పాత కోల్ట్ రూపంలోనే రివాల్వర్లు చేసేది. ప్రమాదాలు, వ్యాజ్యాలు ఎదుర్కొన్న తర్వాత 1973లో లోపలి యంత్రాన్ని మార్చింది: మీటను పూర్తిగా నొక్కితేనే ఒక పలక పైకి లేచి గుర్రం దెబ్బను సూదికి చేరవేస్తుంది, లేకపోతే గుర్రం సూదిని తాకనే తాకదు. దానికి ముందు అమ్మిన పాతవాటిని తెచ్చిన వారికి ఉచితంగా మార్చి ఇవ్వడానికి కూడా ఒప్పుకున్నది. అమెరికాలో తుపాకుల విచ్చలవిడితనాన్ని ఈ కాలమ్ ఎన్నడూ మెచ్చుకోలేదు. కాని తాను అమ్మిన వస్తువులోని లోపానికి తయారీదారు బాధ్యత వహించి, ఏళ్ల తర్వాత కూడా సరిచేసి ఇచ్చిన ఈ ఒక్క మర్యాదను మన కర్మాగారాలు అనుకరిస్తే తప్పు లేదు.

ఢిల్లీలో మా వీధి చివర ఒక రిటైరైన మేజరు గారు ఉన్నారు. వయస్సు ఎనభై దాటింది. ఆయన వద్ద తోటి అధికారి నుంచి డెబ్బైలలో కొన్న పాత .32 వెబ్లీ ఒకటి ఉన్నది. గోవిందా వార్త వచ్చిన వారంలో కాఫీకి పిలిచి, "మీరు పత్రికల వాళ్లు అంతా రాశారు గాని అసలు సంగతి రాయలేదు" అని నిష్ఠూరమాడారు. తర్వాత రివాల్వరును తెచ్చి, గొట్టాన్ని గోడమూలకు పెట్టి తెరిచారు. ఆయన చేసిన పని చూడదగినది. తెరవగానే నక్షత్రం ఆకారపు ముక్క లేచి తూటాలను పైకి నెడుతుంది. అవి అరచేతిలో పడగానే చాలామంది పని అయిపోయిందనుకుంటారు. ఆయన మాత్రం అయిదూ లెక్కపెట్టి బల్ల మీద నిలబెట్టారు. ఆరు అరలలోనూ చిటికెనవేలు పెట్టి తడిమారు. "ఆ నక్షత్రం కింద ఒక్కొక్కసారి తూటా జారి ఇరుక్కుంటుంది. కంటికి కనిపించదు. వేలికి తెలుస్తుంది" అన్నారు. అయిదే ఎందుకని అడిగితే, "ఇది నా కంటే పెద్దది. నా మోకాళ్లనే నేను నమ్మను, దీని స్ప్రింగును ఎట్లా నమ్మను?" అన్నారు.

రివాల్వరు ఒక బీరువాలో, తూటాలు మరొక పెట్టెలో, రెండు తాళంచెవులూ వేర్వేరు చోట్ల ఉంచుతారాయన. ప్రాణభయం ఉండి లైసెన్సు పుచ్చుకున్న మనిషికి ఇది సాధ్యమా అని అడగవచ్చు. నిజమే, అటువంటివారు నింపిన ఆయుధాన్ని దగ్గర ఉంచుకోక తప్పదు. ఆ కారణంగానే వారికి ఖాళీ అర ఆచారం మరింత అవసరం. మీటను పూర్తిగా కప్పే గట్టి తోలు ఒరలోనే రివాల్వరు ఉండాలి. పైజామా నడుములో దోపుకోవడం, కుర్తా జేబులో తాళాల గుత్తితో కలిపి వేయడం, దిండు కింద పెట్టి నిద్రపోవడం, కారులో సీటు పక్కన పడవేయడం: ఉత్తరాది పట్టణాలలో ఇవి మగతనపు చిహ్నాలుగా చెలామణి అవుతున్నాయి. మన తెలుగు జిల్లాలలో కూడా పాత భూస్వామి కుటుంబాలలో, ముఠా తగాదాల పల్లెలలో ఈ చిహ్నాలకు గిరాకీ తక్కువేమీ కాదు. జారిపోతున్న రివాల్వరును గాలిలో పట్టుకోబోవడం మరొక సహజమైన పొరపాటు. పట్టుకునే చేతి వేలు సరిగ్గా మీట మీదనే పడుతుంది. పడనివ్వడం మేలు, అడుగున ఖాళీ అర ఉన్న పక్షంలో.

తూటాల సంగతి కూడా ఒక మాట. తండ్రి కాలంలో కొన్న డబ్బాను కొడుకు భద్రంగా దాచుకున్న సందర్భాలు ఉన్నాయి. అనేక వర్షాకాలాలు చూసిన తూటా కొట్టిన వెంటనే పేలకపోవచ్చు. కొద్ది క్షణాలు ఆగి పేలనూవచ్చు. పేలలేదు కదా అని వెంటనే తెరిచి మొహం దగ్గర పెట్టుకునేవారు ఉంటారు. గొట్టం దిక్కు మార్చకుండా కనీసం అర నిమిషం ఆగాలని అనుభవజ్ఞులు చెబుతారు.

చట్టం ఈ విషయాలను పూర్తిగా విస్మరించిందని అనడం అన్యాయం. 2016 ఆయుధ నియమాలలో లైసెన్సు కోరేవారికి శిక్షణ విధించారు. ఆయుధాన్ని సురక్షితంగా పట్టుకోవడం, మోసుకువెళ్లడం, నిల్వచేయడం, శుభ్రం చేయడం అందులోని అంశాలు. బహిరంగ స్థలాలలో చేతి తుపాకి ఒరలోనే ఉండాలని కూడా ఆ నియమాలు చెబుతున్నాయి. అవే నియమాలు మరొక ద్వారం కూడా తెరిచాయి: డెబ్బై ఏళ్లు నిండిన లేదా పాతికేళ్లు ఆయుధం ఉంచుకున్న లైసెన్సుదారుడు దానిని వారసునికి బదిలీ చేయించవచ్చు. పాత రివాల్వర్లు చేతులు మారేది ప్రధానంగా ఈ ద్వారం గుండానే. కొత్త ఆయుధం కొన్నవానికి నేర్పే సాధారణ పాఠం ఈ వారసునికి చాలదు. అతని చేతికి వచ్చినది ఏ సంవత్సరపు నమూనా, గుర్రానికి అడ్డు ఉన్నదా, ఉంటే అది పనిచేస్తున్నదా అన్నది ఆ ఆయుధాన్ని విప్పి చూసినవాడు చెప్పాలి. ధ్రువపత్రం మీద ముద్ర చెప్పలేదు.

ఇక లైసెన్సు లేని ఆయుధాల లోకం వేరు. పద్దెనిమిదవ శతాబ్దంలో మీర్ ఖాసిం నవాబు బీహారులోని ముంగేరులో ఆయుధశాల నెలకొల్పిన నాటి నుంచి అక్కడి కమ్మరుల నేర్పు ప్రసిద్ధం. ఆ నేర్పులో కొంత నేడు దొంగ వ్యాపారంలోకి జారిపోయింది. సరిహద్దు కావల, పెషావరుకు దక్షిణాన, దర్రా ఆదంఖేల్ గ్రామం వెబ్లీలను చూసి చూసి చేత్తో వెబ్లీలు చేయడంలో పేరు పొందింది. ఆకారం దిగిపోతుంది, బర్మింగ్‌హాం ముద్ర కూడా దిగిపోతుంది. లోపలి పన్నుకు ఎంత కాక పెట్టి చల్లార్చాలన్నది మాత్రం చూపుకు దొరికే విద్య కాదు. అటువంటి వస్తువుకు ఖాళీ అర కూడా రక్ష కాదు. దానిని పోలీసు స్టేషనులో అప్పగించడమే దారి.

తుపాకి నేర్పడమంటే తుపాకిని ప్రోత్సహించడమే అని వాదించే పెద్దలు ఈ నగరంలో ఉన్నారు. రాజ్‌ఘాట్ ఉన్న ఊరిలో ఆ వాదానికి బలం ఉండడం సహజం. ఈ వ్యాసకర్తకు కూడా ఇంటిలో తుపాకి ఉండడం ఇష్టం లేదు. కాని ప్రభుత్వం తన సంతకంతో లైసెన్సులు ఇచ్చి, తన కర్మాగారంలో తయారుచేసి, తన ఖజానాకు రుసుము పుచ్చుకుంటూ, వాడకం చెప్పడానికి మాత్రం అహింసను అడ్డు పెట్టుకోవడం చెల్లదు. తూటా తగిలేది లైసెన్సుదారునికే కానక్కరలేదు. పక్క గదిలో నిద్రపోతున్న బిడ్డకు, గది ఊడ్చడానికి వచ్చిన పనిమనిషికి తగలవచ్చు. వారు లైసెన్సు అడగలేదు.

మార్గం లేకపోలేదు, పెద్ద ఖర్చు కూడా కాదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా జిల్లా యంత్రాంగం లైసెన్సు తుపాకులను చాలామటుకు డిపాజిట్ చేయిస్తుంది. వారాల తరబడి అవి పోలీసు స్టేషన్లలో, డీలర్ల వద్ద చీటీలు కట్టించుకుని పడి ఉంటాయి. జిల్లా సాయుధ పోలీసు విభాగంలో ఆయుధాలు మరమ్మతు చేసే ఆర్మరర్లు ఉంటారు. ఆ వారాలలో ఒక్కొక్క రివాల్వరును విప్పి, గుర్రం, గాడి, స్ప్రింగు చూసి, లోపం ఉంటే చీటీ మీద రాసి, తిరిగి ఇచ్చేటప్పుడు యజమాని చేత ఒకసారి తెరిపించి, నింపించి, ఖాళీ చేయించి చూడవచ్చు. దానికి డమ్మీ తూటాలు చాలు. గడువు అయిదేళ్లకు పెరిగి, అధికారులు ఆయుధాన్ని చూసే సందర్భాలు తగ్గిన తర్వాత ఈ పని మరింత అవసరమైంది. హోం శాఖ ఒక సర్క్యులరు పంపితే రాబోయే ఎన్నికలలోనే మొదలుపెట్టవచ్చు. చేతకాని యజమానికి ఆయుధం తిరిగి ఇవ్వకుండా శిక్షణకు పంపే అధికారం కూడా ఇవ్వాలి. గొడవ చేసేవారు ఉంటారు; వారి రివాల్వర్లనే ముందుగా విప్పి చూడడం మంచిది.

మేజరు గారు తమ వెబ్లీని కుమారుని పేరిట మార్పించే ప్రయత్నంలో ఉన్నారు. కుమారుడు పూనాలో ఉద్యోగి. చిన్ననాటి తర్వాత దానిని ముట్టుకోలేదట. దసరా సెలవులకు వచ్చినప్పుడు నాలుగు రోజులు దగ్గర కూర్చోబెట్టి నేర్పాలని ఆయన సంకల్పం. ఒకవేళ తాము అంతవరకు ఉండకపోతే అన్న ముందుచూపుతో తోలు ఒరలో ఒక చీటీ కూడా మడిచి పెట్టారు. నాకు విప్పి చూపించారు. హిందీలో రెండే మాటలు రాసి ఉన్నాయి: "అయిదు మాత్రమే."